తప్పంతా జీవనశైలిదే

విజయనగరంలో నలభై అయిదేళ్ల ఇల్లాలికి ఉన్నట్టుండి ఒళ్లంతా సెగలు కమ్మి, జాకెట్టు తడిసి ముద్దయి, నిద్ర కరువై, పాలవాడి మీద కూడా కోపం వస్తోందంటే కారణమేమిటో ఊరందరికీ తెలుసు. మూడు లాంతర్ల దగ్గర టీ తాగుతున్న ఏ పెద్దమనిషినైనా అడగండి, గ్లాసు కింద పెట్టకుండానే తేల్చేస్తాడు: "అంతా ఈ మోడర్న్ లైఫ్‌స్టైలండీ." డాక్టర్లు దీన్ని పెరిమెనోపాజ్ అంటున్నారు. ముట్లు ఆగిపోయే ముందు కొన్నేళ్లపాటు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను నెలకో తీరున ఎగిరి పడుతుందట. మెదడులో కూర్చుని ఒంటి వేడికి కాపలా కాసే హైపోథాలమస్ దాంతో బెదిరిపోయి, వేడి ఇసుమంత పెరిగినా కొంప మునిగినట్టు చెమటలు పట్టించేస్తుందట. కావచ్చు. టీకొట్టు తీర్పు ముందు హైపోథాలమస్ ఎంత?

ఈ వ్యాసకర్తా ఆ తీర్పునే శిరసావహిస్తున్నాడు. అయితే శిక్ష వేసేముందు నిందితురాలి విలాసాలేమిటో ఓసారి చూడడం ధర్మం.

మా వదిన టీచరు. తెల్లారగట్ల నాలుగున్నరకి లేవడం ఆవిడ మొదటి విలాసం. ఇంటర్ చదివే కొడుక్కి ఒక క్యారేజీ, షుగరున్న అన్నయ్యకి ఇంకో రకం క్యారేజీ, పళ్లు లేని అత్తగారికి మెత్తగా కలిపి మూత పెట్టిన మూడో గిన్నె. ఆ పైన నిలబడి బస్సు ప్రయాణం. టైముకి హాజరు యాప్‌కి ముఖం చూపించాలి. సరిగ్గా అప్పుడే సెగ వస్తుంది. కొంగుతో ఎంత తుడుచుకున్నా ఆ ఎర్రబడిన ముఖాన్ని యాప్ పోల్చుకోదు. రాత్రి పదకొండుకి గ్రూపులో "అర్జెంట్" అని ఒక ఫారం వస్తుంది. ఈ విలాసాలన్నీ ఎవరు పడమన్నారని అడిగితే, నిజమే, ఎవరూ అనలేదు. మానెయ్యమని కూడా ఎవరూ అనలేదనుకోండి.

మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే ముట్లు ఆగిపోతాయి. అంటే ఈ రభస మొదలయ్యేది నలభైల తొలినాళ్లలో. కొడుకు ఎంట్రన్సు, అత్తగారి మోకాళ్లు, ఇంటి లోను అన్నీ ఒకేసారి తలుపు తట్టే వయసన్నమాట. ప్రకృతికి క్యాలెండరు చూసే అలవాటు బొత్తిగా లేదు.

ఇక రాత్రి కథ. రెండింటికి వదిన లేచి ఫ్యాను ఐదులో పెడుతుంది. అయిదు నిమిషాల్లో సెగ దిగిపోతుంది, తడిసిన జాకెట్టుకి గాలి తగిలి వణుకు మొదలవుతుంది. దుప్పటి వెతుక్కునేలోగా అన్నయ్య కళ్లు తెరవకుండానే నడిచి వెళ్లి రెండులో పెట్టి వస్తాడు. మూడున్నరకి మళ్లీ ఇదే ప్రదర్శన. ఆ రెగ్యులేటర్ మీద అంకెలు అరిగిపోయి, ఇప్పుడు ఇద్దరూ చేతి గుర్తు మీదే తిప్పుతున్నారు. "ఐదులో ఉంటే మీ అన్నయ్యకి చలి, రెండులో ఉంటే నాకు చితి. ఏటి సెయ్యమంటావు బాబూ?" అంది. అన్నయ్య న్యాయంగా మూడు దగ్గర రాజీ ప్రతిపాదించాడు. హైపోథాలమస్‌కి ఆ కబురు ఇంకా అందలేదు.

"మా కాలంలో ఇయ్యన్నీ ఏటున్నాయే? అంతా ఈ ఫోన్ల వల్ల," అని అత్తగారి వాంగ్మూలం. రాత్రిపూట ఫోను నిద్రకి చేటేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ పవిత్రమైన కాలంలో మా వైపు అమ్మమ్మలు నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. పొగతాగే ఆడవాళ్లకి ఒకటి రెండేళ్లు ముందుగానే ముట్లుడుగుతాయని వైద్యుల మాట. సెగలొచ్చిన అమ్మమ్మ "వేడి చేసింది" అనుకుని తరవాణి తాగి, అరుగు మీద పడుకునేది. పగలు కసురుకుంటే "ముసలిదానికి కోపమెక్కువ" అనేవారు. కేసు అక్కడితో కొట్టేసేవారు.

సలహాలకి లోటు లేదు. నడవమంటారు, బరువులెత్తమంటారు, కాఫీ తగ్గించమంటారు. మంచివే. పెద్ద చెరువు గట్టున ఆవిడ నడుస్తున్నంతసేపూ మూడు క్యారేజీలు ఎవరు కట్టాలన్నది మాత్రం ఏ సలహాలోనూ కనబడదు. నూలు బట్టలు కట్టమన్నారని పొందూరు సన్నఖాదీ ధర అడిగి వచ్చింది వదిన. ఆ రోజు వచ్చిన సెగ హార్మోన్లది కాదు.

పన్నెండు నెలలు వరసగా నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అయినట్టు. పదకొండో నెలలో కనబడితే లెక్క మళ్లీ మొదటికి. ప్రభుత్వోద్యోగికి ప్రొబేషన్ డిక్లేర్ కావడం ఇంతకన్నా తేలిక.

అంత ఓపిక మన రాష్ట్రానికి లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి మూడుకి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదికి దగ్గర. రక్తం ఎక్కువ పోతుంటే స్కానింగ్ తీసి కారణం చూడొచ్చు, మాత్రలున్నాయి, లోపల అమర్చే హార్మోన్ లూప్ ఉంది. అదంతా తిరుగుడు. "పిల్లలు పుట్టేశారు కదమ్మా, ఇంకా ఆ సంచెందుకు?" అంటే చాలు, ఇంటిల్లిపాదీ తలూపుతారు. అండాశయాలు కూడా పోతే, ఏళ్ల తరబడి మెల్లగా రావలసిన మెనోపాజ్ రాత్రికి రాత్రే దిగుతుంది. ఎముకలకి కాపుగా ఉన్న ఈస్ట్రోజన్ కూడా పోతుంది. అండాశయాలు ఉంచినా కొందరికి ముందే వచ్చేస్తుంది. దీన్ని ఎవరి జీవనశైలి ఖాతాలో రాయాలో టీకొట్టు ఇంకా ఆలోచిస్తోంది.

కాబట్టి కుటుంబ క్షేమం దృష్ట్యా ఈ వ్యాసకర్త ఒక టైంటేబులు తయారు చేశాడు. ఇంటర్ పరీక్షలున్నాయి గనక ఫిబ్రవరి, మార్చి నెలల్లో సెగలు నిషేధం. మే నెలలో ఎన్నైనా రావచ్చు. మన ఉక్కపోతకి అందరికీ చెమటే, ప్రత్యేకంగా ఎవరికీ కనబడదు. మామూలు రోజుల్లో రెండో శనివారం, వంట అయ్యాక. అక్టోబరు 18 ప్రపంచ మెనోపాజ్ దినమట, ఆ రోజు కాస్త కోపం కూడా మంజూరు చెయ్యవచ్చు. పైడితల్లమ్మ సిరిమాను రోజు మాత్రం కుదరదు. ఇంటినిండా చుట్టాలుంటారు, ఉన్న ఒక్క ఏసీ గదీ పెద్దాడపడుచు మొగుడికి ఇచ్చేస్తాం.