కాలువ మళ్లింది, గని మళ్లదా?

అమెరికాలోని నెవాడా ఎడారిలో, సిల్వర్ పీక్ కొండల్లో, అంతా కలిపితే పదెకరాల నేల మీద ఒక చిన్న మొక్క బతుకుతోంది. బూడిదరంగు ఆకుల గుబురుపై లేత పసుపు పూలబంతులు పూసే ఈ టీమ్స్ బక్‌వీట్‌ను 1983లో గుర్తించారు. ప్రపంచంలో మరెక్కడా ఇది లేదు. లిథియం, బోరాన్ నిండిన బంకమట్టికే ఇది అలవాటుపడింది. విద్యుత్ వాహనాల బ్యాటరీల లిథియం కోసం ఒక గని కంపెనీ తవ్వదలచిందీ ఆ నేలనే.

2020 వేసవిలో 17,000కు పైగా మొక్కలు దెబ్బతిన్నాయి. ఎలుకజాతి జీవులు కొరికినట్టు డీఎన్ఏ పరీక్షలో తేలింది. 2022 డిసెంబరులో దీన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో చేర్చి, 910 ఎకరాలను కీలక ఆవాసంగా ప్రకటించారు. పదెకరాల పూలకు అంత నేల ఎందుకన్న సందేహం సహజమే. పరాగసంపర్కం జరిపే తేనెటీగలు, కందిరీగలు, ఈగలు చుట్టుపక్కల నేలలో గూళ్లు కట్టుకుని, ఇతర మొక్కల మీద కూడా బతుకుతూ, పూతకాలంలో ఇక్కడికి వస్తాయి. అవి రాకపోతే గింజ సరిగా పట్టదు. మొక్క చుట్టూ కంచె వేయవచ్చు గానీ ఆ రాకపోకలకు కంచె కట్టి కాపాడలేం. అయినా 2024 అక్టోబరులో అమెరికా ప్రభుత్వమే గనికి అనుమతినిచ్చింది. కీలక ఆవాసంలో దాదాపు ఐదో వంతు దాని పాలవుతుంది. మొక్కలను నేరుగా తాకబోమన్న కంపెనీ హామీ చాలదని మా అభిప్రాయం.

వ్యాసర్‌పాడి డిపో నుంచి 2025లో రోడ్డెక్కిన విద్యుత్ బస్సులను మేము మనసారా స్వాగతిస్తున్నాం. చెన్నైలో పొగ తగ్గాలి, అందుకు లిథియం కావాలి. అయితే ఈ నగరానికి కృష్ణా జలాలు తెచ్చే తెలుగుగంగ చరిత్రను ఇక్కడ గుర్తుచేయాలి. ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒప్పందం కుదిరింది కూడా 1983లోనే. ఆ పథకంలోని ఒక కాలువ పనులు కడప జిల్లా లంకమల చెంత కలివికోడి ఆవాసంలోకి చొచ్చుకుపోయాయి. 1986లో మళ్లీ కనబడేదాకా అంతరించిందనుకున్న పక్షి అది. 2005లో యంత్రాలు కొంత పొదను పెకలించాకే అభ్యంతరాలు లేచి, కాలువ దారి మారింది. చెన్నైకి నీళ్లిచ్చే పూండి జలాశయానికి కృష్ణా నీళ్లు రావడం ఆగలేదు. పెకలించిన పొద మాత్రం తిరిగి రాలేదు.

నెవాడా గని హద్దులను ఆ 910 ఎకరాల వెలుపలికి జరపాలి. ఇక్కడ బ్యాటరీలు కొనే వాహన సంస్థలూ, బస్సులకు టెండర్లు పిలిచే ప్రభుత్వమూ లిథియం ఏ నేల నుంచి వచ్చిందో అడిగి, ఆ వివరాన్ని ఒప్పందంలోనే రాయించుకోవాలి.