గుమ్మడి పాదుకు దుప్పటి

ఎండాకాలంలో గుమ్మడి పాదు మొదట్లో ఏదో ఒకటి కప్పాలి. అందులో రెండో మాట లేదు. దాని వేళ్ళు చాలావరకు పైపైనే పాకుతాయి కాబట్టి మట్టి ఎండిందంటే ఆకులు గొడుగు ముడిచినట్టు వాలిపోతాయి. పేచీ అంతా ఏం కప్పాలన్న దగ్గరే.

మాది తణుకు దగ్గర ఊరు. సంక్రాంతి దప్పళంలోకి తరిగిన మంచి గుమ్మడికాయ గింజలు దాచి, మావారు పెరట్లో పాదు పెట్టారు. మార్చికల్లా తీగ దడి దాటింది. ఆయన ఉత్సాహం వీధి దాటింది. మన రాష్ట్రంలో 2016 ప్రాంతంలో ప్రకృతి వ్యవసాయం ఊపందుకున్నప్పటి నుంచీ బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన (అంటే నేలకి కప్పే దుప్పటి), వాపస అని ఆ సాగు మాటలే ఆయన నోట్లో నానుతూనే ఉన్నాయి. ఆ ఊపులో, "పాదుకి ఆచ్ఛాదన ఏది మంచిదంటారు?" అని గోడ మీంచి ఒక్క మాట అడిగారు. అంతే.

అప్పుడు తెలిసింది నాకు. ఎవరింట్లో ఏది అడ్డంగా పడి ఉంటే, గుమ్మడికి అదే సంజీవని. రైసుమిల్లు గుమాస్తాగారు ఊకని మించింది లేదన్నారు. కొబ్బరికాయల కమిషన్ వ్యాపారి పీచు డొక్కలు పంపిస్తానన్నాడు. ఎదురింటి మాస్టారు రిటైరై చాలాకాలమైనా, అటక మీద యూనిట్ టెస్టుల పేపర్ల కట్టలు అలాగే ఉన్నాయి.

"కాగితం మంచిదేనండి, నేలలో కలిసిపోతుంది. కానీ ఇంకు మొక్కకి పడదేమో" అన్నారు మావారు మొహమాటంగా.

"ఆ భయం మీకక్కర్లేదు. మా పిల్లలు పెద్దగా ఏమీ రాయలేదు" అన్నారు మాస్టారు.

అందరికంటే ముందు సరుకు దింపినవాడు వడ్రంగి. రెండు బస్తాల రంపపు పొట్టు! "మట్టిలో కలిపి తవ్వేయండి బాబుగారూ, మెత్తగా ఉంటది" అన్నాడు. తవ్వేశారు. ఆకులు పసుపు తిరిగాయి. వ్యవసాయ శాఖలో పనిచేసి వచ్చిన మా పెదనాన్నగారు చూసి, "పచ్చి పొట్టుని కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులు నేలలో ఉన్న నత్రజనంతా లాగేసుకుంటాయిరా. ఇక మొక్కేం తింటుంది, నీ మొహమా?" అన్నారు. ఆ పొట్టంతా మళ్ళీ ఏరి తీయడానికి ఎంత సేపు పట్టిందో చెప్తే మావారికి కోపం వస్తుంది.

మా మేనల్లుడు మల్చింగ్ షీట్ అన్నాడు. పల్చటి ప్లాస్టిక్ పట్టా, పైన వెండి రంగు, కింద నలుపు, ఇరవై అయిదో ముప్పయ్యో మైక్రాన్ల మందం. పొలాల్లో డ్రిప్పు మీద పరుస్తారే, అదే. మాకు కావాల్సింది నాలుగు మూరలు. కొట్టువాడు రోలు మొత్తం కొనమన్నాడు. ఆ కథ అక్కడితో సరి.

చివరికి పెదనాన్నగారే వరిగడ్డి అని తేల్చారు. "మూడంగుళాల మందం పరువు. కాండానికి ఆనకుండా నాలుగు వేళ్ళు ఎడం వదులు, లేకపోతే మొదలు కుళ్ళుద్ది. పిందె దిగాక దాని కిందా కాస్త వెయ్యి, తడి నేలకి తగిలితే కాయ పాడవుద్ది" అన్నారు. గడ్డిమేటు నుంచి మోపు వచ్చింది, పరిచారు. వారం తిరక్కుండా గడ్డిలో మిగిలిన గింజలు మొలకెత్తి పాదు చుట్టూ నారుమడి లేచింది. పాలబ్బాయి చూసి, "దాళవా వరి వేశారాండీ?" అని అడిగాడు, పాపం, సీరియస్‌గానే.

అయినా తీగ కళకళలాడింది. ముందు మగపూలు, ఆ తర్వాత అడుగున బుల్లి పిందెతో ఆడపువ్వు. అవి తెల్లారే వేళ విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుపోతాయి. తేనెటీగల మీద నమ్మకం లేక, మగపువ్వు కోసి తనే అద్దుదామని మావారు టార్చి పట్టుకుని చీకటితోనే పెరట్లోకి వెళ్ళారు.

టార్చి వెలుగులో మొదట కనిపించినవి రెండు కళ్ళు. తర్వాత కొమ్ములు. పక్కవీధి గేదె దడి తోసుకుని వచ్చి, పాదు మొదట నిలబడి, మూడంగుళాల మందాన్నీ శుభ్రంగా నాకేసింది. కాండం చుట్టూ వదిలిన నాలుగు వేళ్ళ ఎడాన్ని మాత్రం గౌరవించింది. దాని మూతి పక్కన మావారు ఎదురుచూసిన ఆడపువ్వు, పిందెతో సహా వేలాడుతోంది. "హేయ్!" అన్నారు ఈయన. అది ఈయన్ని చూస్తూనే నిదానంగా పిందె కూడా నమిలింది.

తెల్లారాక మేమింకా ఎవర్నీ ఏమీ అనకముందే గేదె యజమాని వచ్చేశాడు. "మా గేదె బయట గడ్డి ముట్టదండి. ఇంట్లో దాణా తప్ప ఏదీ తినదు" అన్నాడు. గుమ్మడికాయల దొంగ సామెత ఎందుకు పుట్టిందో కళ్ళారా చూశాం. వెనకాలే నిలబడ్డ గేదె కొమ్ముకి గుమ్మడి తీగ ముక్క, ఒక ఆకుతో సహా, చుట్టుకుని ఉంది.

అతనూ చూశాడు. కాసేపు తల గోక్కున్నాడు. "సరే, జరిగిందేదో జరిగింది. మా దొడ్లో బాగా మగ్గిన పెంట ఉందండి. గుమ్మడికి దాన్ని మించింది ఈ భూమ్మీద లేదు. తట్ట మీరే తెచ్చుకోండి, మోత కూడా మీదే" అని రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగి అన్నాడు: "కుదిరితే మొత్తం పట్టుకెళ్ళిపోండి. మా ఆడది దొడ్డి ఖాళీ చెయ్యమని ప్రాణం తీసేస్తోంది."