ఐదు నక్షత్రాల రేటింగు గారికి హైదరాబాదు పాఠకుల విన్నపం

మహారాజశ్రీ ఐదు నక్షత్రాల రేటింగు గారి సముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం అడగనక్కర్లేదు. బిర్యానీ పొట్లం విప్పితే తమరే, ఆటో దిగితే తమరే, గీజరు బాగుచేసి మెట్లు దిగుతున్న మనిషి నెత్తిమీదా తమరే. బిర్యానీ చల్లారి వస్తే రెండు నక్షత్రాలు కోసెయ్యడంలో న్యాయముంది, కాదనం. మా గొడవల్లా అమెరికన్ రచయిత జో హాల్డెమన్ రాసిన సైన్స్ ఫిక్షన్ యుద్ధ నవల ‘ది ఫరెవర్ వార్’ గురించి.

వియత్నాంలో గాయపడి వచ్చిన మనిషి రాసింది. పద్దెనిమిది మంది ప్రచురణకర్తలు వద్దన్నాక 1974లో పుస్తకమైంది, 1975 సంవత్సరానికి నెబ్యులా, 1976లో హ్యూగో అనే సైన్స్ ఫిక్షన్ అవార్డులు తెచ్చుకుంది. అలాంటిది చదివి తలపట్టుకు కూర్చున్నవాడి ముందు తమరు ప్రత్యక్షమై ‘నచ్చిందా?’ అంటారు. తోటి సైనికుల చావులు, ఎందుకు మొదలైందో చివరికి గానీ తెలియని యుద్ధం, తిరిగొస్తే గుర్తుపట్టలేని ఊరు. నచ్చడమేమిటి స్వామీ! అన్నం సహించలేదు కాబట్టి రెండు అని ఒకరు, అన్నం సహించలేదు కాబట్టే ఐదు అని ఇంకొకరు. తమరు రెండూ కలిపి సగం చేసి మూడున్నర అని చాటింపు వేస్తారు. ఆ ఇద్దరిలో మూడున్నర అన్నది ఎవరు?

అసలు వాళ్లు చదివింది ఒకే పాఠమా అన్నది తమరెప్పుడూ అడగలేదు. ఈ నవలని ముందు ముక్కలుగా వేసుకున్న అనలాగ్ అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక సంపాదకుడు బెన్ బోవా, సైనికులు భూమికి తిరిగొచ్చే నడిమి భాగం మరీ దిగులుగా ఉందని వద్దన్నాడు. హాల్డెమన్ దాని బదులు కాస్త తేలికైనది రాసిచ్చాడు. మొదటి పుస్తకంలోకీ అదే వెళ్లింది. అసలు భాగం 1991 ముద్రణతో వెనక్కి వచ్చింది, 1997లో పాఠాన్ని మళ్లీ సరిచేశారు. కాబట్టి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పేపర్‌బ్యాక్ బేరమాడేవాళ్లు అట్ట బొమ్మ చూసి మురిసిపోకుండా, టైటిల్ పేజీ వెనక సంవత్సరం చూడాలి. 1991కి ముందుదైతే చేతిలో ఉన్నది తేలిక రకం. ‘మధ్యలో పట్టు సడలింది’ అని రాసేవాళ్లు ఏ మధ్యో చెప్పకపోతే ఆ మాటతో ఎవరికీ పనిలేదు. తమరి దగ్గర మాత్రం అన్నీ ఒకే కుప్ప.

ఆ దిగులు భాగం తమరు తప్పక చదవాలి, అందులో తమరి చుట్టం ఒకరున్నారు. డెబ్బై ఏళ్లు నిండినవాళ్లకి అక్కడ సర్కారు ఒక రేటింగు వేస్తుంది. సున్నా పడితే ఇక వైద్యం లేదు. కథానాయకుడు మాండెలా ఇంటికొచ్చేసరికి వాళ్లమ్మకి పడి ఉన్నది సున్నా.

‘యుద్ధ నవలన్నారు, శత్రువు ఎంతకీ రాడు’ అని కోసిన నక్షత్రాలూ తక్కువేం కాదు. శత్రువు రాకముందే, నవలలో ప్లూటో అవతల ఉన్న ఛరాన్ అనే గడ్డకట్టిన గ్రహం మీద శిక్షణలోనే మనుషులు పోతారు. సైనికుడు తొడుక్కున్న అంతరిక్ష సూటులో పుట్టే వేడిని బయటికి తోలే రెక్కలు గడ్డకట్టిన వాయువుకి తగిలితే అది ఒక్కసారిగా ఆవిరై పేలుతుంది. సైన్యం తన మనుషుల్ని తనే ఎలా ఖర్చుపెడుతుందో చెప్పే పేజీలవి, ఉపోద్ఘాతం కాదు.

‘పాత్రలతో అనుబంధం కుదరలేదు’ అన్నది ఇంకో ఫిర్యాదు. ఎలా కుదురుతుంది? కాంతివేగానికి దగ్గరయ్యేకొద్దీ అంతరిక్ష ఓడలో కాలం నెమ్మదిస్తుంది: కాంతివేగంలో 99 శాతంతో పోయే ఓడలో ఒక ఏడాది గడిస్తే భూమ్మీద ఏడేళ్లు. 99.9 శాతమైతే ఇరవై రెండు. యుద్ధం 1143 ఏళ్లు సాగితే, మాండెలా వయసులో కరిగేది కొన్నేళ్లే. తిరిగొచ్చిన ప్రతిసారీ తెలిసినవాళ్లు పోయి ఉంటారు, మాటతీరు మారి ఉంటుంది. అతనికి కుదరని అనుబంధం సోఫాలో కూర్చున్న మనకు కుదరాలా?

అలాగని అభ్యంతరాలన్నీ కొట్టిపారేసేవి కావు. మహిళా సైనికుల్ని మగవాళ్ల పక్కలోకి వంతులవారీగా పంపడం రచయిత మామూలు సంగతిలా రాసుకుపోయాడు. స్వలింగ సంపర్కుల గురించిన రాతా ఇప్పుడు చదివితే గుచ్చుకుంటుంది. ఈ మాట విడమరిచి రాసినవాళ్లు మంచి పాఠకులు. వాళ్లు రాసిన రెండు పేరాలనీ తమరు మింగేసి ఒక పసుపు చుక్క బయటికి కక్కుతారు.

కాబట్టి నవలల జోలికి రావద్దని మనవి. వచ్చితీరతానంటే మూడు ప్రశ్నలడగండి: ఏ ముద్రణ చదివారు, ఎక్కడ ఆపారు, ఎవరికి ఇవ్వొద్దంటారు. మూడోది ముఖ్యం. తిరుమలగిరి కంటోన్మెంటు వైపు, కొడుకు సరిహద్దులో ఉన్న ఇంటికి ఈ పుస్తకం తీసుకెళ్లొచ్చా అన్నదానికి 4.2 అనేది జవాబు కాదు.

ఇట్లు,
ఆబిడ్స్ ఫుట్‌పాత్ పాఠకులు

తా.క.: ‘ఛరాన్ ప్లూటోకి ఉపగ్రహం, ఈయన ప్లూటో అవతలి గ్రహమన్నాడు’ అని ఎవరైనా నక్షత్రం కోసి ఉంటే వెనక్కి ఇప్పించండి. ఆ ఉపగ్రహాన్ని కనుక్కున్నది 1978లో. నవల దానికంటే నాలుగేళ్లు పెద్దది.