సంతకాల కోసమే ఒక కమిటీ

మా అబ్బాయి చదివే ప్రాథమిక పాఠశాల కోనసీమలో కాలువ గట్టును ఆనుకొని ఉంటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. కాగితం మీద అలాగే ఉంది, నేనూ సభ్యురాలినే. అయితే దాళ్వా (రెండో పంట వరి) ఊడ్పులు ముమ్మరంగా సాగే రోజుల్లో, అదీ ఉదయం 11 గంటలకు సమావేశం పెడితే, రోజు కూలి వదులుకొని ఏ తల్లి రాగలదు?

రాలేనివారి ఇళ్లకు మర్నాడు రిజిస్టరు వస్తుంది. మొన్న నా ముందు పెట్టినప్పుడు చూస్తే తీర్మానం రాయవలసిన చోటంతా ఖాళీ, అడుగున పేర్లకు ఎదురుగా పెన్సిలుతో ఇంటూ గుర్తులు. "సంతకం పెట్టెయ్యండమ్మా, తర్వాత రాసుకుంటామండి" అన్నారు రిజిస్టరు తెచ్చినవారు. నేను పెట్టలేదు.

సమావేశం జరిగినా మాటలన్నీ మరుగుదొడ్ల మరమ్మతు, ప్రహరీ గోడ దగ్గరే ఆగిపోతాయి. అవి అనవసరమని నేననను. కానీ మూడో తరగతి చదివే మా వాడు 52లో నుంచి 38 తీసివేయమంటే 26 అని రాస్తున్నాడు. రెండులో నుంచి ఎనిమిది పోదు కాబట్టి పక్కనుంచి పదిని తెచ్చుకోవాలన్న సంగతి వాడికి అందలేదు. ఒకే గదిలో రెండు తరగతులు నడిపే టీచరుగారిని తప్పుపట్టను, ఆవిడ ఓపికకు దండం పెడతాను. పిల్లల హాజరు, అభ్యాసం, ప్రగతి గురించి తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా మాట్లాడాలని అదే చట్టం చెబుతున్నప్పుడు, ఆ తీసివేత గురించి అడగడానికి పది నిమిషాలైనా ఎందుకు దొరకవు? కూలికి వెళ్లినవారు ఇళ్లకు చేరాక, సాయంత్రం 6 గంటలకు పెట్టమని రెండుసార్లు రాసి ఇచ్చాను. జవాబు ఇంకా రాలేదు.