కుట్లు ఎండాక అడిగేదెవరు?

సిజేరియన్లపై సమీక్ష అనగానే అధికారులు తీసే కాగితం ఒక్కటే: కోతలెన్ని, మామూలు కాన్పులెన్ని? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కోతతోనే జరిగాయి. ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తంమీద 21.5. తలదించుకోవాల్సిన అంకెలే. ముహూర్తాల పిచ్చి, బిల్లుల యావ గురించి పాఠకులకు కొత్తగా చెప్పేదేమీ లేదు. ఈ పట్టికల్లో ఎక్కడా కనిపించనిది తొలిచూలు తల్లే. బిడ్డ ఏ దారిన పుట్టిందో రాసుకోగానే ఆమెతో సర్కారుకు పని తీరిపోతోంది.

ఆస్పత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త ఆరుసార్లు ఇంటికి రావాలి. ఆఖరిది 42వ రోజున. బిడ్డ బరువు, ఒంటి వేడి, బొడ్డు, పాలు తాగే తీరు అన్నీ చూస్తారు. మంచిదే. తల్లి మనసు గురించి ఉన్నదల్లా ఆమె పొంతన లేకుండా మాట్లాడుతోందా, ఫిట్స్ వచ్చాయా అన్న ఒక్క వరుస. అంటే పిచ్చెక్కితే తప్ప పట్టించుకోరన్నమాట! దేశంలో బాలింతల్లో దాదాపు 22 శాతం మందికి ప్రసవానంతర కుంగుబాటు ఉంటుందని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిన సమీక్ష లెక్కగట్టింది. దాన్ని పసిగట్టే పది ప్రశ్నల ఎడిన్‌బరో పట్టిక 1987 నుంచీ ఉంది. మన పీహెచ్‌సీల్లో దాన్ని చూసినవాళ్లెందరు?

ఇక కాపురం సంగతి. కాన్పయిన రెండు నుంచి ఆరు వారాల్లోపు కలయిక మొదలైందా, నొప్పి ఉందా అని తల్లిని అడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. మన దగ్గర అడిగేది కాపర్-టీ వేయించుకుంటావా అని మాత్రమే. కొన్నిచోట్ల నొప్పులు పడుతుండగానే అడుగుతారు. మరో బిడ్డ రాకుండా చూడటానికి పడకగది దాకా రాగలిగిన ప్రభుత్వానికి, అక్కడ ఆమె పంటి బిగువున భరిస్తున్న నొప్పి మాత్రం కనపడదు.

మామూలు కాన్పే మేలని గోడలనిండా పోస్టర్లు వేసేవాళ్లు ఇంకో మాట దాస్తున్నారు. తొలిచూలైతే చాలు, అవసరమున్నా లేకున్నా కింద కోసి కుట్లేయడం చాలా లేబర్ రూముల్లో అలవాటైపోయింది. అందరికీ అలా కోయొద్దని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఆ కోతలకు లెక్క లేదు, సమీక్షా లేదు. అటు సిజేరియన్‌వైపు లాగేవాళ్లు ‘పొట్ట కోసి తీస్తే తర్వాత కాపురానికి ఇబ్బంది ఉండదు’ అని చెవిలో ఊదుతుంటారు. అదీ నిజం కాదు. మొదటి నెలల్లో కనిపించే తేడా ఏడాది తిరిగేసరికి దాదాపు చెరిగిపోతుందని ఎక్కువ అధ్యయనాలు చెబుతున్నాయి. పొట్టమీద కుట్లున్న తల్లులకూ కలయికలో నొప్పి తప్పడం లేదు.

సిజేరియన్లు పెరగడానికి బీపీ, షుగర్, లేటు వయసు గర్భాలు, కేసుల భయం కారణమని వైద్యులు అంటారు. కొంత నిజమే కావచ్చు. అవేవీ ఆ తర్వాత తల్లిని పలకరించకపోవడానికి సాకులు కావు.

మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా పుట్టింట్లోనే ఉంచే మన ఆచారంలో ఎంతో కొంత వివేకముంది. కానీ ఏడుపొస్తోందని చెబితే ఆ గదిలోనూ వినిపించేది ‘మేం కనలేదా?’ అనే. ఇంటివాళ్ల నోట వస్తే అది అజ్ఞానం అనుకుందాం. ఆరోగ్యశాఖ కూడా అదే మాట అంటోంది, కాకపోతే ఫారంలో గడి లేకుండా చేసి అంటోంది.

42వ రోజు ఫారంలో మనసెలా ఉంది, కలయికలో నొప్పుందా అనే రెండు ప్రశ్నలు చేర్చడానికి కొత్త భవనం కట్టనక్కర్లేదు, టెండరు పిలవనక్కర్లేదు. నర్సుకో ఆశాకో ఒక పూట శిక్షణ, తలుపు వేసి మాట్లాడే చోటు ఉంటే మొదలుపెట్టొచ్చు. కాపర్-టీ గురించి అడిగేటప్పుడు రాని సిగ్గు, నొప్పిగా ఉందా అమ్మా అని అడిగేటప్పుడు ఎక్కడినుంచి వస్తోందో మంత్రులే చెప్పాలి.