కాణిపాకానికి వస్తావా, సామీ?

పోయిన నెల వాషింగ్ మెషిన్ కొందామని తిరుపతి తిలక్ రోడ్డులో ఒక షాపుకు పోయాను. ధర ఎంతన్నది ఈ వ్యాసానికి అనవసరం. మెషిన్ మూత మీద బంగారు రంగు స్టిక్కరు ఉంది, ‘ఏఐ వాష్’ అని. పక్కనున్న ఫ్రిజ్ మీద ఏఐ, ఏసీ మీద ఏఐ. మిక్సీ మీద మాత్రం ఏమీ లేదు. పాపం, అది ఇంకా సొంత తెలివితోనే చట్నీ రుబ్బుతోంది.

“ఏఐ అంటే ఇది ఏం చేస్తుందబ్బా?” అని అక్కడి కుర్రాణ్ని అడిగాను.

“బట్టలు ఎన్ని ఉండాయో అదే చూసుకుని, దానికి తగినట్టు నీళ్లు పోసుకుంటాది సార్.”

మా అత్త నలభై ఏళ్లుగా ఈ పనే చేస్తోంది. ఆమెకు ఎవరూ స్టిక్కరు అంటించలేదు. పైగా ప్యాంటు జేబులో మర్చిపోయిన వంద నోటును కూడా ఆమె కనిపెడుతుంది. కనిపెట్టిన నోటు మళ్లీ కనపడదు, అది వేరే సంగతి.

“ఇది నిజంగా ఏఐయేనా? కాణిపాకంలో ప్రమాణం చేసి చెప్తావా?” అన్నాను. ఊరికే, అలవాటుగా నోటికొచ్చిన మాట. కుర్రాడి ముఖం వాడిపోయింది. స్టిక్కరు వైపు చూశాడు, మేనేజరు వైపు చూశాడు. “దేవుడి దాకా ఎందుకు సార్, మోటారుకు పదేళ్ల వారంటీ ఉండాది గదా” అన్నాడు.

అమెరికా సెనేట్, యూరప్ పార్లమెంటు, మన నీతి ఆయోగ్ ఏళ్ల తరబడి తలలు పట్టుకున్న సమస్యకు, అంటే టెక్నాలజీ కంపెనీల మాటల్లో నిజమెంతో తేల్చడానికి, పరిష్కారం చిత్తూరుకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉందని నాకు అప్పుడే తట్టింది.

బయటి జిల్లాల వాళ్ల కోసం కొంచెం వివరం. కాణిపాకం వరసిద్ధి వినాయకుడు స్వయంభువు. ఆయన ఎదుట అబద్ధం ఆడితే బాగుపడరని మా ప్రాంతంలో గట్టి నమ్మకం. అప్పు తీసుకోలేదన్నవాడు, పొలం గట్టు జరపలేదన్నవాడు, పక్కింటి కోడిని పట్టలేదన్నవాడు కోనేట్లో మునిగి, తడిబట్టలతో వచ్చి, స్వామి ముందు ఆ మాటే చెప్పాలి. స్టాంపు పేపరు లేదు, లాయరు ఫీజు లేదు, వాయిదా అసలే లేదు. చాలా తగాదాలు గుడి దాకా కూడా రావు. పూతలపట్టు దాటక ముందే, బస్సులోనే, “అన్నా, ఆ కోడి సంగతి ఇంటికి పోయి మాట్లాడుకుందాం, దిగు” అని తీరిపోతాయి. రాజకీయ నాయకులు కూడా ‘కాణిపాకం రా’ అని ఒకరినొకరు సవాలు చేసుకుంటుంటారు. వాళ్లకు మాత్రం ఆ బస్సు ఎందుకో ఎప్పుడూ దొరకదు.

నా ప్రతిపాదన ఇది. ప్రపంచంలో ఏ కంపెనీ అయినా కొత్త టెక్నాలజీని ప్రకటించే ముందు దాని అధిపతి కాణిపాకం రావాలి. కోనేట్లో మూడు మునకలు వేయాలి. తన యంత్రం ఏం చేస్తుందో ఒకే వాక్యంలో చెప్పాలి. ‘విప్లవాత్మక’, ‘గేమ్ ఛేంజర్’, ‘మానవాళి భవిష్యత్తు’ లాంటి మాటలు తడిబట్టల్లో చెల్లవు. రుసుము లేదు. కొబ్బరికాయ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

ఈ నిబంధన ముందే ఉండి ఉంటే ఎంతమందికి ఎంత శ్రమ తప్పేదో చూడండి. 1770లో వియన్నాలో కెంపెలెన్ అనే ఆయన చదరంగం ఆడే యంత్రాన్ని తయారు చేసి మహారాణి మరియా థెరిసా ముందు పెట్టాడు. పెట్టె, పెట్టె వెనక తలపాగా చుట్టుకున్న తురకవాడి బొమ్మ. తలుపులు తెరిస్తే లోపల పళ్ల చక్రాలు. యూరప్ అంతా నోరు తెరిచింది. 1809లో నెపోలియన్ కూడా దానితో ఆడి ఓడిపోయాడు. పెట్టెలో, చక్రాల వెనక, మోకాళ్లు ముడుచుకుని ఒక మంచి ఆటగాడు కూర్చుని ఉండేవాడు. ఎనభై నాలుగేళ్లు తిరిగి తిరిగి 1854లో ఆ యంత్రం ఫిలడెల్ఫియాలో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ‘ఈ పెట్టెలో మనిషి లేడు’ అని ఒక్కసారి తడిబట్టలతో చెప్పమని ఉంటే ఇన్నేళ్లు అక్కర్లేదు, ఒక్క పూటలో తేలిపోయేది. ఆ లోపలి మనిషికి నడుము నొప్పి కూడా తప్పేది.

ఇది పాత కథ అనుకోకండి. అమెజాన్ కొన్ని దుకాణాల్లో ‘జస్ట్ వాక్ అవుట్’ అనే ఏర్పాటు పెట్టింది. సరుకు తీసుకుని, బిల్లు కౌంటరు ముఖం చూడకుండా బయటికి నడవొచ్చు, కెమెరాలు, సెన్సర్లు లెక్క చూసుకుంటాయి. 2024 ఏప్రిల్‌లో అమెరికాలోని తన ఫ్రెష్ దుకాణాల నుంచి దాన్ని తీసేస్తున్నట్టు కంపెనీ చెప్పింది. ఆ కెమెరాల వెనక భారతదేశంలో దాదాపు వెయ్యి మంది కూర్చుని కొనుగోళ్లను సరిచూస్తున్నారని పత్రికలు రాశాయి. అలా కాదు, వాళ్లు ప్రత్యక్షంగా చూడటం లేదు, యంత్రానికి పాఠాలు నేర్పడానికి, కొన్ని కొనుగోళ్లను మాత్రం సరిచూడటానికి ఉన్నారని కంపెనీ అంది. ఎవరి మాట నిజమో తేల్చే అధికారం నాకు లేదు. ఆ అధికారం ఉన్నాయన చిరునామా పైన ఇచ్చాను.

అసలు ఈ టెక్నాలజీ మా వీధి చివర అంగడిలో నా చిన్నప్పటి నుంచి ఉంది. కందిపప్పు, సబ్బు, అగ్గిపెట్టె తీసుకుని నడిచి వచ్చేయడమే. అంగడాయన పేపరు మీంచి తలెత్తడు, కానీ నోటు పుస్తకంలో అంతా రాసి ఉంటుంది. మనం తీసుకోని బెల్లం కూడా.

ఇక పళ్లరసం సంగతికి వద్దాం. శాన్‌ఫ్రాన్సిస్కోలో జూసెరో అని ఒక కంపెనీ ఉండేది. దాదాపు 12 కోట్ల డాలర్ల పెట్టుబడి తెచ్చుకుని, పళ్లరసం పిండే యంత్రం చేసింది. 2016లో దాని ధర 699 డాలర్లు. ముక్కలు నింపిన ప్యాకెట్ కంపెనీయే అమ్ముతుంది, అది లోపల పెట్టాలి, యంత్రం దాని మీది కోడ్ చదువుతుంది, వైఫై ఉంటే పిండుతుంది. కొన్నాళ్లకు ధర 399కి దించారు. 2017 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ విలేకరులు ఆ ప్యాకెట్‌ను చేత్తో పిండి చూశారు. యంత్రం ఎంత రసం తీస్తుందో చేతులూ దాదాపు అంతే తీశాయి, అదీ ఇంకొంచెం త్వరగా. సెప్టెంబరుకు కంపెనీ మూతపడింది.

లీలామహల్ సర్కిల్ దగ్గర చెరుకు బండాయనకు ఈ కథ చెప్పాను. ఆయన గడను రెండో విడత మడిచి, మధ్యలో నిమ్మకాయ చెక్క, అల్లం ముక్క పెట్టి చక్రం తిప్పుతూ విన్నాడు. “వైఫై లేకుంటే రసం రాదా సామీ?” అన్నాడు. రాదన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చక్రానికి కట్టిన గజ్జెలు మాత్రం మోగుతూనే ఉన్నాయి. అవి ఆయన నోటిఫికేషన్లు. ఆఖరికి, “పెట్టుబడి పెట్టినోళ్లు ఎవురన్నా తిరపతికి వస్తే నా దగ్గరికి పంపు. చెయ్యి అడ్డం పెట్టకుండా చూసుకుంటా” అన్నాడు.

అమెరికాలో టీ అమ్ముకునే ఇంకో కంపెనీ, లాంగ్ ఐలాండ్ ఐస్డ్ టీ, 2017 డిసెంబరులో పేరులోంచి టీ తీసేసి ‘బ్లాక్‌చెయిన్’ (బిట్‌కాయిన్ వెనకుండే టెక్నాలజీ) పెట్టుకుంది. ఒక్క రోజులో షేరు ధర రెట్టింపు దాటింది. టీ రుచి మారినట్టు ఎవరూ చెప్పలేదు. మా బైరాగిపట్టెడలో టీ కొట్టాయన కూడా బోర్డు మార్చాడు కానీ, ఆయన వాస్తు కోసం మార్చాడు.

ఇక మెటావర్స్, అంటే కంప్యూటర్ సృష్టించే ఊహాలోకం. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ కంపెనీ తన పేరే మెటా అని మార్చుకుంది. మనమంతా కళ్లకు డబ్బాలు కట్టుకుని అందులోనే ఉద్యోగాలు, పెళ్లిళ్లు, పేరంటాలు చేసుకుంటామని చెప్పారు. చూస్తే అందులో మనుషులకు నడుము కింద ఏమీ లేదు. ఏడాది తర్వాత, ‘ఇదిగో కాళ్లు’ అని కంపెనీ అధిపతి జుకర్‌బర్గ్ పెద్ద వార్తగా ప్రకటించి, ఎగిరి చూపించాడు. ఆ వీడియోలోని కదలికలు వేరే పద్ధతిలో రికార్డు చేసి తయారు చేసినవని తర్వాత కంపెనీయే ఒప్పుకుంది. తిరుపతి వాడిగా ఇక్కడ నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు. కాళ్లే లేని లోకంలో ఎక్కేదెట్లా? మోకాళ్ల పర్వతం దగ్గర ఏం పెట్టుకుని ఎక్కాలి? వేల కోట్ల డాలర్లు ఖర్చు పెట్టే ముందు మా ఊళ్లో పదేళ్ల పిల్లవాణ్ని అడిగి ఉన్నా ఈ ప్రశ్న వేసేవాడు.

టెస్లా కార్ల కంపెనీ అధిపతి ఎలాన్ మస్క్ గారి ప్రమాణ పత్రం కొంచెం పొడుగు. 2017 ఆఖరుకల్లా మా కారు మనిషి చెయ్యి తగలకుండా లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ పోతుందని 2016లో అన్నాడు. వచ్చే ఏడాదికి రోడ్ల మీద పది లక్షల రోబోట్యాక్సీలు (డ్రైవరు లేని ట్యాక్సీలు) అని 2019లో అన్నాడు. ఆ వచ్చే ఏడాది వచ్చింది, పోయింది. 2025 జూన్‌లో ఆస్టిన్ నగరంలో కొన్ని కార్లు మొదలయ్యాయి. ముందు సీట్లో కంపెనీ మనిషిని కూర్చోబెట్టి. దీన్ని మోసం అనడం తొందరపాటు. మన అంగళ్లలో ‘నేడు నగదు, రేపు అప్పు’ అని బోర్డు ఉంటుంది. ఆ బోర్డు ఏనాడూ అబద్ధం చెప్పలేదు. రేపు ఎప్పుడు పోయినా అది అదే మాట మీద నిలబడుతుంది.

మరి సైన్స్‌ను వదిలేస్తావా అని మీరు అడగొచ్చు. తిరుపతి నుంచి కాణిపాకం పోయే దారిలో గాదంకి వస్తుంది. గాదంకి అంటే మనకు టోల్ గేటు. ఫాస్టాగ్‌లో డబ్బు ఉందో లేదో అక్కడ గుర్తొస్తుంది. ఆ గేటుకు దగ్గర్లోనే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. 1,024 యాంటెన్నాల రాడార్‌తో ముప్పై ఏళ్లకు పైగా ఆకాశంలో గాలి ఎటు కదులుతోందో కొలుస్తున్నారు. వాళ్లు ఎన్నడూ ‘గాలిలో విప్లవం’ అని ప్రకటన ఇవ్వలేదు. అందుకే మనకు వాళ్లు తెలియదు, టోల్ గేటు తెలుసు.

సైన్స్‌కు దాని కాణిపాకం దానికుంది. ఒకరు చెప్పిన దాన్ని ఇంకొకరు తమ ల్యాబ్‌లో చేసి చూస్తారు. 2023 జులైలో కొరియాలో కొందరు ఎల్‌కే-99 అనే పదార్థం మామూలు వేడిలోనే సూపర్‌కండక్టర్‌గా, అంటే కరెంటును ఏ అడ్డూ లేకుండా పోనిచ్చేదిగా పనిచేస్తుందన్నారు. ఊళ్లో షేర్లు ఆడే మా మిత్రుడొకడు ఆ వారమంతా నిద్రపోలేదు. ఆగస్టు ముగిసేలోగా చాలా దేశాల ల్యాబ్‌లు చేసి చూసి, కాదని తేల్చేశాయి. ఎవరూ కోనేట్లో మునగనక్కర లేకపోయింది.

చిక్కంతా ల్యాబ్ నుంచి టీవీ దాకా వచ్చే దారిలోనే. 2022 డిసెంబరులో అమెరికాలో ఫ్యూజన్ ప్రయోగం, అంటే పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే ప్రయోగం గెలిచింది. 2.05 మెగాజౌళ్ల లేజర్ శక్తి లోపలికి పోతే 3.15 బయటికి వచ్చింది. నిజమైన ఘనకార్యమే. అయితే ఆ లేజర్లు వెలిగించడానికి కరెంటు లైను నుంచి లాగింది సుమారు 300 మెగాజౌళ్లు. ఇది శాస్త్రవేత్తలు దాచలేదు, వాళ్లే చెప్పారు. చెప్పేటప్పటికి టీవీలో ‘ఇక కరెంటు ఉచితం’ అని బ్రేకింగ్ నడుస్తోంది. కాయ కోసిన కూలి మాత్రమే ఖర్చు కింద రాసుకుని, మందులు, ఎరువులు, ట్రాక్టరు బాడుగ మర్చిపోతే మా చిత్తూరు తోతాపురి మామిడి రైతు కూడా కోటీశ్వరుడే. 2025 సీజనులో కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తాయన్న లెక్క గుర్తున్న వాళ్లకు ఈ భౌతికశాస్త్రం ఇంకా సులభంగా అర్థమవుతుంది. సినిమా పోస్టర్ల మీది వసూళ్ల గురించి నేను మాట్లాడను. అందరినీ ఒకేసారి తీసుకొస్తే కోనేట్లో నీళ్లు చాలవు.

నా ప్రతిపాదనలో ఒక లోపం ఉందని ఒప్పుకోవాలి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు కోర్టులో లేని తీర్పులు చూపించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. ఆ తీర్పులన్నీ చాట్‌జీపీటీ అల్లినవి. వాళ్లలో ఒకాయన అనుమానం వచ్చి, ఈ కేసు నిజంగా ఉందా అని దాన్నే అడిగాడు. ఉంది అని చెప్పింది. తడబడలేదు, చెమట పట్టలేదు. మనిషయితే పూతలపట్టు దాటేలోగా దొరికిపోయేవాడు. దీనికి తడిసే బట్టల్లేవు, ఒట్టు పెట్టడానికి తలమీద చెయ్యేసే పిల్లల్లేరు. పోనీ ఫోన్‌తో సహా ముంచుదామా అంటే, నీళ్లలో పడినా ఏమీ కాదని పెద్ద అక్షరాల్లో ప్రకటన ఉంటుంది, నీళ్లు పోతే వారంటీ వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే కంపెనీవాళ్లు సగం ప్రమాణం ముందే చేసేశారు. కాబట్టి మునక కంపెనీ అధిపతే వేయాలి, యంత్రం గట్టు మీద చెప్పుల దగ్గర ఉండాలి.

ఇంతవరకు రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నది. “బాగానే ఉండాది. అవునూ, మెషిన్ ఇరవై ఎనిమిది వేలని గదా చెప్తిరి?” అంది.

“అవును.”

“షాపు నుంచి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. కొనుగోలుకు ధన్యవాదాలంట. కింద ముప్పై ఆరు వేల చిల్లర ఏసినారు.” ఒక్క క్షణం ఆగి, “ఆదివారం కాణిపాకం పోయొద్దామా? అమ్మ కూడా వస్తానంటాంది” అంది.

కాబట్టి పై ప్రతిపాదనకు చిన్న సవరణ. గృహోపకరణాల ధరల గురించి భర్తలు ఇంట్లో చేసే ప్రకటనలు ఈ నిబంధన పరిధిలోకి రావు. సవరణ పోయిన నెల ఒకటో తేదీ నుంచే అమల్లో ఉన్నట్టు పరిగణించాలి.