భూమి కదలదని ఎవరన్నారు?

1882లో ఆస్తి బదిలీ చట్టం రాసిన దొరలు స్థిరాస్తి అంటే ఏమిటో చెప్పబోయి, ఏది కాదో మాత్రం చెప్పి ఊరుకున్నారు. కలపకు పనికొచ్చే చెట్లు, చేలో ఉన్న పంట, గడ్డి స్థిరాస్తి కావట. మిగతాది మన తెలివికే వదిలేశారు. అప్పట్లో మనది నిజాం రాజ్యం కాబట్టి ఆ చట్టం ఓరుగల్లు దాకా రావడానికి చాలా కాలం పట్టింది. వచ్చాక మాత్రం దొరలు వదిలేసిన లోటును మనవాళ్లు శ్రద్ధగా పూరించారు.

మన జిల్లాలోని భూమి పంచాయితీలను భక్తితో పరిశీలించిన మీదట ఈ వ్యాసకర్త తేల్చింది ఒక్కటే. భూమి స్థిరంగా ఉండదు. అడిగే మనిషిని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది, ఒక్కోసారి కనిపించకుండా పోతుంది.

హసన్‌పర్తి పక్కన నాలుగెకరాలున్న ఒక కుటుంబాన్ని అనుకుందాం. పెద్దకొడుక్కు సంబంధాలు చూస్తున్నారు. అమ్మాయి తరఫువాళ్ల ముందు అది రోడ్డు బిట్టు. రేపో మాపో రింగు రోడ్డు దాని పక్క నుంచే పోతుంది. ఎకరం ఎంత పలుకుతుందని అడిగితే బాపు నోరు తెరవడు, నవ్వుతాడంతే. ఆ నవ్వును అవతలివాళ్లే కోట్లలోకి మార్చుకోవాలి. కట్నం ఆ నవ్వు మీదే తేలుతుంది.

అందులోంచే ఓ ఎకరం అమ్మేటప్పుడు తహసీల్దార్ ఆఫీసుకు పోతారు. స్టాంపు డ్యూటీ, ఫీజులు అన్నీ కలిపి నూటికి ఏడున్నర. ఆ మాట చెవిన పడగానే రోడ్డు బిట్టు మాయమై రాళ్ల చెల్క మిగులుతుంది. కాగితంలో సర్కారు రేటు, సంచిలో అసలు రేటు. మరునాడు బ్యాంకు మేనేజర్ ముందు మిగిలిన మూడెకరాలకు మళ్లీ బోరు, మామిడి తోట, రోడ్డు అన్నీ మొలుచుకొస్తాయి.

ఇంతవరకు సర్కారుకు తప్ప ఎవరికీ నష్టం లేదు. కానీ సర్కారుకు ఓపిక ఎక్కువ. ఏ రోడ్డుకో, విమానాశ్రయానికో భూమి కావాల్సి వచ్చిననాడు 2013 భూసేకరణ చట్టం తెరుస్తుంది. అందులో రేటు కట్టేది ప్రధానంగా రెండు లెక్కలతో. రిజిస్ట్రేషన్ల కోసం పెట్టిన ప్రభుత్వ విలువ, లేదా చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకాల సగటు. ఏది ఎక్కువైతే అది. అంటే ఊరంతా ఏళ్ల తరబడి ఒక్కమాట మీద నిలబడి తగ్గించి రాయించిన ధర చివరికి ఊరి మీదికే తిరిగొస్తుంది. దాని మీద నూటికి నూరు శాతం సొలేషియం, అంటే భూమి పోయినందుకు అదనపు పరిహారం, ఇస్తారు, నిజమే. దేనికి రెట్టింపు అన్నదే బాధ. అప్పుడు "సార్, అది కాగితం ధర, అసలు ధర వేరే" అని వినతిపత్రం పట్టుకుని కలెక్టరేట్ ముందు నిలబడతారు. తాము ఎగ్గొట్టిన సంగతిని తామే సర్కారుకు రుజువు చేయబోయే ఇంతటి నిజాయితీ మరే జిల్లాలోనైనా ఉంటే చూపించాలి.

ఇక అసలు కాగితమే అక్కర్లేదనే ధీరులున్నారు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిని అమ్మితే రిజిస్టర్ చేయాల్సిందేనని ఆ 1882 చట్టమే చెప్పింది. ఇవాళ ఎనుమాముల మార్కెట్ దగ్గర వంద రూపాయలకు ఇద్దరికి కడుపునిండా టిఫిన్ రాదు. అయినా మన ఊళ్లలో ఎకరాలకెకరాలు తెల్లకాగితం మీద, నలుగురు పెద్దమనుషుల వేలిముద్రలతో చేతులు మారాయి. దాని పేరు సాదాబైనామా. 2020లో ప్రభుత్వం వాటిని క్రమబద్ధీకరిస్తామని దరఖాస్తులు తీసుకుంది. అంతలో అదే ఏడాది వచ్చిన కొత్త పట్టాదారు పాసుపుస్తకాల చట్టంలో వాటికి చోటే లేకుండా పోయింది. 2025 భూభారతి చట్టంలో మళ్లీ చోటు దొరికింది. ఈ మధ్యకాలంలో ఆ భూమి దున్నినవాడిదా, అమ్మినవాడిదా, కంప్యూటర్‌దా అని అడగడం మర్యాద కాదు.

శిఖం భూముల గురించి, అంటే చెరువు లోపలి భూముల గురించి, ఎక్కువ చెప్పను. చెరువుకు పాసుపుస్తకం లేదు కాబట్టి తన హద్దులు చూసుకోవడానికి తానే స్వయంగా వస్తుంది. 2020 ఆగస్టు వరదల్లో అలాగే వచ్చి, హనుమకొండ కాలనీల్లో ఇంటింటికీ తిరిగి చూసిపోయింది.

మళ్లీ ఆ మూడెకరాల దగ్గరికి వద్దాం. బాపు పోయాడు. ఇద్దరన్నలు, ఒక చెల్లె. ఆడపిల్లకు సమాన వాటా అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం చేసింది. 2005లో కేంద్రం దేశమంతటికీ చేసింది. రెండు చట్టాలూ అన్నలకు తెలుసు, అందుకే దసరాకు పది రోజుల ముందే చెల్లెకు ఫోన్ చేస్తారు. "బతుకమ్మకు రా బిడ్డా, ఈసారి నాలుగొద్దులు ఎక్కువుండు." వచ్చిన చెల్లెకు పట్టుచీర పెడతారు. భూమి సంగతి ఎత్తితే అది ఒక్కసారిగా గుంటల్లోకి దిగిపోతుంది. "ఏముందమ్మా అందులో, నీళ్లు లేవు, దారి లేదు, పాలోళ్లతో కోర్టు కేసు. నీ పెండ్లికే అప్పు మిగిలింది." కోటి రూపాయల నవ్వు నవ్విన బాపు ఫొటో గోడ మీద ఉంటుంది, ఎవరూ అటు చూడరు. సద్దుల బతుకమ్మ అయ్యాక కారు మాట్లాడి చెల్లెను ఆఫీసుకు తీసుకుపోతారు. ఆమె తన వాటా వద్దని సంతకం పెడుతుంది. తిరిగొచ్చే దారిలో హోటల్ దగ్గర ఆగి బిర్యానీ తింటారు. బిల్లు మూడు సమాన భాగాలు చేసి, చెల్లె వాటా ఆమెకు చెబుతారు.